భీమయ్య ఎత్తని వేలు

జగిత్యాల క్రికెట్ జట్టు గెలిచిన ఆదివారం భీమయ్యకు అన్నం సహించేది కాదు. ఆ జట్టుకు ఆయనకంటే నమ్మకమైన అభిమాని ఉమ్ అల్ క్వైన్‌లో గానీ, అజ్మాన్‌లో గానీ ఇంకొకడు లేడు. ఐసు పెట్టె మోసేది ఆయనే. ఇనుప వికెట్లకు కింద పట్టీ వెల్డింగు చేసి ఇసుకలో నిలబెట్టింది ఆయనే. హద్దు దాటిన బంతిని ఏరుకొచ్చేదీ ఆయనే. ఆడడం మాత్రం లేదు. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆ మోకాళ్లతో ఆయన ఆడితే చూసేవాళ్లకే భయం.

అలాంటి మనిషికి జట్టు గెలిస్తే దిగులెందుకంటే, కారణం భూమవ్వ. ఆయన భార్య.

భీమయ్య ఉమ్ అల్ క్వైన్‌లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో వెల్డరు. భూమవ్వ అజ్మాన్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేస్తుంది. ఇద్దరి మధ్యా బస్సులో ముప్పావుగంట దూరం. కానీ ఆమెకు సెలవంటూ లేదు, ఆమె కోసం ఎవరూ ఆ ఇంటికి రాకూడదు. చెత్త సంచి పట్టుకుని సందు మూలన ఉన్న పెద్ద డబ్బా దాకా, సరుకులకు పక్క కొట్టు దాకా, అంతే ఆమె చూసిన దుబాయ్. ఆమె వచ్చిన కొత్తలో భీమయ్య ఆగలేక ఒక సెలవునాడు వెళ్లి గేటుకు ఎదురుగా నిలబడ్డాడు. పావుగంటలో ఎవరో వచ్చి కార్డు చూపించమన్నారు, ఇక్కడేం పని అన్నారు. ఆ మనిషి మళ్లీ గేటు ముందు కనిపిస్తే నీ పని ఖలాస్ అని యజమానురాలు భూమవ్వకు చెప్పేసింది.

భార్యను చూడడానికి నిలబడితే తప్పు. అదే చోట క్రికెట్ చూడడానికి నిలబడితే ఎవరూ అడగరు. లోకం తీరు అలా ఉంటుంది.

ఆ విల్లాకు ఎదురుగా పెద్ద ఇసుక మైదానం ఉంది. మన జిల్లాల కూలీలంతా కలిసి నడుపుకునే లీగులో కింది గ్రూపు ఆటలు అక్కడే జరుగుతాయి. పై గ్రూపు వాళ్లకు షార్జాలో, ఇండస్ట్రియల్ ఏరియా అవతల, వల కట్టిన అసలైన గ్రౌండు ఉంది. ఏటా కింది గ్రూపులో మొదట వచ్చిన జట్టు పైకి పోతుంది, పై గ్రూపులో ఆఖరున మిగిలింది కిందికి వస్తుంది. జగిత్యాల మూడేళ్లుగా కిందే ఉంది. ఆ మూడేళ్లూ అక్టోబరు నుంచి మార్చి దాకా, ఆట ఉన్న ఆదివారం పదకొండింటికి భూమవ్వ చెత్త సంచితో వచ్చేది, భీమయ్య బంతి వెతికే నెపంతో డబ్బా దగ్గరికి పోయేవాడు. పది నిమిషాలు, మహా అయితే పన్నెండు. బిడ్డ ప్రేమ కరీంనగర్‌లో నర్సింగు చదువుతోంది, దాని సంగతులే సగం. ఫోనులో రోజూ మాట్లాడుకుంటారు గదా అంటే, ఫోనులో ముఖం కనబడుతుంది, మనిషి కనబడదు.

ఈ ఏడు మల్లేశ్ వచ్చాడు. ఎలక్ట్రీషియన్, ఇరవై నాలుగేళ్లు, భీమయ్య గదిలోనే పై మంచం. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుడితే అది రాయిలా వస్తుంది, దాన్ని కూడా బ్యాటుతో అవతలి సందులో పడేసేవాడు. మొదటి ఆట గెలిచారు, భీమయ్య ఈల వేశాడు. మూడోది గెలిచినప్పుడు ఈల సగంలో ఆగింది. అయిదోది గెలిచి వస్తుంటే కెప్టెన్ దయాకర్ బస్సులో లేచి, మామా, వచ్చే ఏడు షార్జా గ్రౌండుల ఆడుతున్నం అన్నాడు. భీమయ్యకు తట్టింది ఒక్కటే: షార్జాలో ఆ గేటు ఉండదు.

అప్పటి నుంచి ఆయన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఓడాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకోబోయి, ఇలాంటి కోరిక దేవుడి ముందు నోటితో ఎలా అనడమని సిగ్గుపడి, చేతులు జోడించి ఊరకే నిలబడ్డాడు. ఏం అడగకుండా నిలబడ్డ భక్తుణ్ని చూసి అంజన్న ఏమనుకున్నాడో తెలియదు గానీ, ఆ వారమూ జగిత్యాలే గెలిచింది.

జనవరిలో ఒక తెల్లవారుజామున ఇంకా పెద్ద తప్పే చేయబోయాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మల్లేశ్‌ను ఆట రోజు లేపే పని భీమయ్యదే. ఆవేళ లేపలేదు. చెప్పులు వేసుకుని, ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని, పై మంచం మీద గురకను వింటూ కూర్చున్నాడు. ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చుంటే బస్సు వెళ్లిపోతుంది. బయట హారను మోగింది. పిల్లగాడి కాలు దుప్పటి బయటికి వేలాడుతోంది, మడమ మీద ఇనుప నిచ్చెన గీరిన గాటు ఉంది. భీమయ్య ఆ కాలు పట్టుకుని గట్టిగా ఊపాడు.

ఆ సంగతి ఆయన భూమవ్వకు దాచలేదు. ఆమె డబ్బా అవతలి నుంచి కోపంగానే చూసింది. వారమంతా గోడలకు బొక్కలు పెట్టే పిల్లగాళ్లకు ఇదొక్కటే సంబురమని, దాన్ని తుంచొద్దని అంది. “మల్లేశ్‌ను లేపు. గా పాపం మనకొద్దు.”

నిజానికి ఆటను శ్రద్ధగా చూసింది ఆవిడే. డాబా మీద బట్టలు ఆరేస్తూ చూసేది. చూసి ఫోనులో అడిగేది: వేలెత్తితే అవుటు సరే, రెండు చేతులూ చాపితే ఏంటి, బ్యాటు గీత మీద ఉంటే లోపలా బయటా? భీమయ్యకు తెలిస్తే గదా. ఆయన కళ్లు ఎప్పుడూ ఆ గేటు మీదే. దయాకర్‌ను అడిగి మర్నాడు చెప్పేవాడు. మామకు ఇన్నేళ్లకు ఆట మీద మనసు పుట్టిందని దయాకర్ మురిసిపోయేవాడు. గీత మీద ఉన్నా అవుటేనని, బ్యాటు లోపలికి రావాలని, నేల మీద గీసి మరీ చూపించాడు.

ఆఖరి ఆట మార్చి మొదటి ఆదివారం, రంజాన్ నెల మొదలయ్యేలోపు, నిర్మల్ జట్టుతో. ఎవరు గెలిస్తే వాళ్లు పైకి. ఆటను నడిపించే అంపైరు మూర్తి గారు, అజ్మాన్‌లోనే ఒక ఆఫీసులో లెక్కలు చూసే కాకినాడ మనిషి, ఎవరి జిల్లావాడూ కాదని ఆయన్ను పిలుచుకుంటారు. లెగ్ వైపు నిలబడే రెండో అంపైరును మాత్రం బ్యాటింగు చేసే జట్టే ఇవ్వాలి, అది ఈ లీగు ఆనవాయితీ. జగిత్యాల వికెట్లు టపటపా పడిపోతుంటే ప్యాడ్లు కట్టుకునేవాళ్లకే మనుషులు చాలలేదు. దయాకర్ తన తెల్ల టోపీ తీసి భీమయ్య నెత్తిన పెట్టాడు. “మామా, నువ్వు నిలవడు. నువ్వు అబద్ధమాడవని అందరికి ఎర్కే.”

భీమయ్య కాదనలేక వెళ్లి నిలబడ్డాడు. విల్లా ఇప్పుడు ఆయన వీపు వెనక ఉంది, తిరిగి చూడడానికి లేదు. మూడేళ్లలో మొదటిసారి ఆయన గీతను, వికెట్లను, బ్యాటును చూశాడు.

ఆఖరి వికెట్. అయిదు పరుగులు కావాలి. మల్లేశ్ బంతిని ఎడమవైపుకు నెట్టి పరుగెత్తాడు, రెండోదానికి మళ్లాడు. బంతి విసురుగా వచ్చింది. ఇనుప వికెట్లు ధన్‌మని పడ్డాయి. ఇసుక లేచింది. నిర్మల్ వాళ్లు పదకొండు మందీ భీమయ్య వైపు తిరిగి చేతులెత్తారు. ఇది అవుటైతే ఆట అయిపోయినట్టే, జగిత్యాల అజ్మాన్‌లోనే ఉంటుంది, భూమవ్వ వచ్చే ఏడూ పదకొండింటికి సంచితో వస్తుంది.

భీమయ్య చూశాడు. వికెట్లు పడేటప్పటికి బ్యాటు గీత మీదే ఉంది, లోపలికి రాలేదు. కుడి చేతి వేలు దానంతటది లేవబోయింది. అప్పుడే ఆయనకు భయం పుట్టింది. నువ్వు చూసిందేనా ఇది, నీకు కావాల్సింది చూశావా? ఇన్ని నెలలుగా ఇదే కోరుకున్నావు గదా భీమయ్యా, నీ కండ్లను నువ్వు నమ్ముతావా? మంచం మీద నుంచి వేలాడిన ఆ కాలు గుర్తొచ్చింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

నిర్మల్ కెప్టెన్ దేవేందర్ పరుగెత్తుకొచ్చి మూర్తి గారితో వాదించాడు. లెగ్ అంపైర్ మాటే మాట, ఇక అయిపోయింది అన్నారాయన. దేవేందర్ భీమయ్య ముఖంలోకి కాసేపు చూసి, నువ్వన్నవంటే నిజమే అయ్యుంటది కాకా అని వెనక్కి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది భీమయ్యకు. తర్వాతి బంతిని మల్లేశ్ చెత్త డబ్బా దాటించి కొట్టాడు.

జట్టు పిల్లగాళ్లు మల్లేశ్‌ను భుజాలకెత్తుకుని గంతులేస్తున్నారు. ఎవరో దయాకర్ మీద ఐసు నీళ్లు కుమ్మరించారు. భీమయ్య బంతి కోసమని డబ్బా దగ్గరికి నడిచాడు. భూమవ్వ అప్పటికే అక్కడుంది. సంచి లోపల వేసి, స్కార్ఫు కొసకు చేతులు తుడుచుకుంది.

“అవుటే గదా అది,” అంది.

బంతి కోసం వంగిన భీమయ్య తలెత్తాడు. “నువ్వు యాడికెల్లి చూసినవ్?”

“డాబా మీదికెల్లి. నీ నెత్తి మీంచే చూసిన. బ్యాటు గీత మీద ఉండంగనే కట్టెలు పడ్డయి. ఎందుకు వేలెత్తలే?”

“నాక్కూడ అవుటే కనవడ్డది. గందుకే ఎత్తలే,” అన్నాడు భీమయ్య. “మనం కోరుకునేదే కండ్లకు కనవడ్డదేమో అనుకున్న.”

ఆమె కోపగించుకోలేదు. మైదానం వైపు చాలాసేపు చూసింది. పోయి ఇప్పుడు చెప్పేయనా అని ఆయన అడిగాడు.

“ఇప్పుడు చెప్తె మన కోసం చెప్పినట్టయితది. వద్దు.”

బస్సు హారను మోగింది. దయాకర్ మామా అని కేక వేశాడు. భీమయ్య బంతి తీసుకుని లేచాడు, కానీ అక్కడే నిలబడ్డాడు. పన్నెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. గేటు లోపలి నుంచి ఎవరో భూమవ్వను పిలుస్తున్నారు. ఆమె రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

“పై గ్రూపుల ఆఖరికి వచ్చినోళ్లు మల్ల ఈడికే వస్తరు గదా?”

“వస్తరు.”

“అయితే వచ్చే ఏడు మల్లేశ్‌ను లేపకు,” అంది భూమవ్వ, స్కార్ఫుతో కళ్లు తుడుచుకుంటూ.