పాజ్ చేసిన సినిమా

మొన్న టమాటా సాస్ ఉడికే వాసనకి, అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా పక్కింటి ఇటాలియన్ ఆంటీ గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా నన్ను ఆవిడే చూసుకునేది.

ఒకరోజు ఆవిడ తన దేశపు పాత యుద్ధకాలం సినిమా పెట్టింది. నల్లచొక్కాల ఫాసిస్టులు జర్మన్ సైనికుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్నారు. పైగదిలో ఒక నాన్న దాక్కున్నాడు. నేను రిమోట్ లాక్కుని పాజ్ చేశాను.

“ఇంక వాళ్లు పైకి రాలేరు ఆంటీ,” అన్నాను.

ఆవిడ తెరమీద ఆగిన బొమ్మనే చూస్తూ, “మా నాన్నని తీసుకెళ్లినప్పుడు నాకూ నీ వయసే,” అంది.

అమ్మ వచ్చి బెల్ కొట్టేదాకా రిమోట్ గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.

సినిమాలో ఆ నాన్నని చివరికి ఏం చేస్తారో ఆవిడకి ముందే తెలుసని పెద్దయ్యాక అర్థమైంది. అయినా, మళ్లీ ప్లే చెయ్యమని ఆవిడ అడగలేదు.