ముందే పోయి కూర్చునే మా బాపు... ఫోటోలో ఆ అధ్యక్షుడు

మా చిన్నప్పుడు ఏ పెండ్లికి పోయినా అందరికంటే ముందు మా బాపే ఉండేవాడు... ఇంకా షామియానా కూడా కట్టకముందే పోయి, గోడ పక్కన ఒక కుర్చీ చూసుకొని కూర్చునేవాడు. అందరూ తిని వెళ్ళిపోయాకే లేచేవాడు.

మా బాపుకి పెండ్లిళ్ళంటే అంత ఇష్టమేమో అనుకునేదాన్ని. అంత తెలివి నాది.

మాది కట్టంగూర్ దగ్గర ఒక పల్లె. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉండేది. ఆ నీళ్ళు తాగి పెరిగిన బాపుకి మోకాళ్ళు లోపలికి వంగిపోయాయి, నడుం బిగుసుకుపోయింది. ఇంటి ముందు గోనెసంచి పరుచుకొని కూర్చొని కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ చుట్టి వైండింగ్ చేసేవాడు. నడిస్తే మనిషి మొత్తం పక్కలకు ఊగేవాడు... అందుకే ఎవరి ముందూ నడిచేవాడు కాదు. మా బడికైతే ఒక్కసారి కూడా రాలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను ఎనిమిదో తరగతి. మా సోషల్ సారు ఉపన్యాస పోటీ పెట్టి, నాకు రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన నిలిచిన ఇద్దరు నాయకులను ఇచ్చాడు. ఒకరు ఇంగ్లండ్ ప్రధాని, ఇంకొకరు అమెరికా అధ్యక్షుడు. ఇద్దరినీ పోల్చి ఎవరు గొప్పో చెప్పాలి. ఒక పుస్తకం కూడా ఇచ్చాడు, ఫోటోలు ఉన్నది.

సాయంత్రం బాపు పక్కన కూర్చొని ఆ పుస్తకం తిరగేస్తున్నాను. బాపు చేతిలో రాగి తీగ ఆగిపోయింది.

"గీ సారు అన్ని ఫోటోలల్ల కూసునే ఉన్నడేంది బిడ్డా?"

ఓడ మీద... తోటలో... బల్ల ముందు... నిజమే, అధ్యక్షుడు అన్నింట్లో కూర్చునే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం నిలబడి ఉన్నారు.

"పెద్దమనిషి గదా బాపూ, కూసోడా?"

బాపు పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. "కాదు బిడ్డా. గీయనకు నడువ రాదు. అందరికంటే ముందే వచ్చి కూసున్నడు."

నేను నమ్మలేదు. అంత పెద్ద దేశాన్ని ఏలిన మనిషికి నడవ రాకపోవడమా... తెల్లారి సారుని అడిగితే, ఇంకో పెద్ద పుస్తకం తీసి చదివి నా వైపు చూశాడు. "మీ నాయిన జెప్పింది నిజమేనే. కాళ్ళకు ఇనుప పట్టీలు బిగించుకొని, కొడుకు చెయ్యి పట్టుకొని నిలబడి మాట్లాడేటోడట. ఎట్ల తెలిసింది ఆయనకు?"

ఎట్లా తెలిసిందో అప్పుడు నాకు అర్థమైంది. పెండ్లిళ్ళ సంగతి కూడా అర్థమైంది.

ఇంటికొచ్చి చెబితే బాపు వాళ్ళ అమ్మ, మా అవ్వ, "పాపం, ఆయన ఏ బోరు నీళ్ళు తాగిండో" అంది. నేను అదే రాసుకున్నాను. మా ఊళ్ళో కాళ్ళు పోవడానికి ఇంకో కారణం ఉంటుందని నాకు తోచనే లేదు.

పోటీ రోజు అమ్మ పత్తి ఏరడానికి పోయింది. బడికి పోయి చూస్తే హాల్లో గోడ పక్కన బాపు... పిల్లలెవరూ రాకముందే ఆటోలో వచ్చి కూర్చున్నాడు. తన మనిషి గురించి నేనేం చెబుతానో వినాలని వచ్చాడు.

చెప్పాను. బాంబులు పడుతుంటే ప్రధాని రేడియోలో మాట్లాడి తన దేశానికి ధైర్యం ఇచ్చాడని... అదే ఏండ్లలో ఆయన ఏలుబడిలోని మన బెంగాల్లో జనం ఆకలితో చచ్చిపోయారని. జర్మనీని గెలిచిన కొన్ని నెలలకే ఆయన్ని సొంత జనమే ఓట్లేసి దించేశారని. అధ్యక్షుడు ఆ గెలుపు చూడకుండానే పోయాడని... ఆయన కూడా దేవుడేం కాదని, తన దేశంలోని జపాను మూలాల వాళ్ళను ముళ్ళకంచెల వెనక పెట్టించాడని. ఆఖరికి, "నీళ్ళ వల్ల కాళ్ళు పోయినా లేచి నిలబడ్డ అధ్యక్షుడే నాకు గొప్ప" అన్నాను.

హాల్లో అందరూ తలలూపారు. ఒక్కరికీ తప్పనిపించలేదు. సోషల్ సారు మాత్రం తల పట్టుకున్నాడు... ఆ అధ్యక్షుడికి వచ్చింది పోలియో అట, ఫ్లోరైడు కాదట. నాకు మొదటి బహుమతి అట్లా పోయింది.

రెండోది వచ్చింది. మా బడిలో బహుమతి పిల్లల చేతికి ఇవ్వరు, అమ్మకో నాయినకో ఇస్తారు. హెడ్ సారు మైకులో బాపు పేరు పిలిచాడు.

గోడ పక్క నుంచి స్టేజీ దాకా ఎంత దూరమో... నిండా జనం. "నేనే తీసుకుంట సారూ" అన్నాను.

"ఉండు బిడ్డా. నేనొస్తున్న" అన్నాడు బాపు.

ఉరికి పోయి చెయ్యి ఇచ్చాను. నా చెయ్యి గట్టిగా పట్టుకొని లేచాడు. ఊగుకుంట ఊగుకుంట నడిచాడు. సగం దారిలో ఆగి, ఊపిరి తీసుకొని, మెల్లగా అడిగాడు.

"ఆయన కొడుకు గూడ గిట్లనే పట్టుకున్నడా?"

"ఆఁ బాపూ."

బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నె అందుకొని, మళ్ళీ అంత దూరమూ నడుచుకుంటూనే వచ్చాడు. ఎందరో గొప్పవాళ్ళ గురించి తర్వాత చదివాను గానీ, ఆ రోజు చూసినంత గొప్ప మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నెల తిరగకముందే మా చిన్నమ్మ పెండ్లి. అమ్మ ఎప్పటిలాగే బాపుని ముందు పంపాలని తొందరపడుతోంది. బాపు తీరిగ్గా గడ్డం గీసుకుంటూ, "జర ఆగు... మందిని రానీయి" అన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటికీ నల్లాల్లో నది నీళ్ళు వస్తున్నాయి. పిల్లల కాళ్ళు తిన్నగా పెరుగుతున్నాయి. ముందే పోయి కూర్చునే మనుషులు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మిగిలారు... మీ ఇంట్లో కూడా అట్లాంటి వాళ్ళుంటే, వాళ్ళు మొదటిసారి అందరి ముందు లేచి నడిచిన రోజు గురించి రాయండి. మా బాపుకి చదివి వినిపిస్తాను.