నాంచారమ్మ గారి పాత చక్రాలు

కృష్ణా పుష్కరాలు వెళ్లిన మరుసటి వేసవిలో నన్ను బెంజ్ సర్కిల్ దగ్గరి షోరూమ్ నుంచి ఆటోనగర్ పక్కనున్న వర్క్‌షాప్‌కు సర్వీస్ మేనేజరుగా మార్చారు. మాది పికప్ బండ్ల డీలర్‌షిప్. సర్వీస్ మేనేజరంటే ఫోర్‌మన్‌కు పైన, జనరల్ మేనేజరుకు కింద. బండి బాగైతే పేరు మెకానిక్కుది, బాగుకాకపోతే తిట్లు మేనేజరువి. కొత్త బండిని కొన్నవాళ్ల చేతికిచ్చే ముందు ఆఖరి తనిఖీ ఒకటి ఉంటుంది. నట్ల బిగువు, టైర్ల గాలి, బ్రేకులు, లైట్లు చూసి నేను సంతకం పెడితేగాని బండి గేటు దాటదు. ఆడమనిషి సంతకం పెడితే బండి కదలడమనేది మొదట్లో కొందరికి మింగుడుపడలేదు. నాకు నోరుంది కాబట్టి ఆ ఇబ్బంది ఎక్కువ కాలం సాగలేదు.

ఆ జూన్‌లోనే కైకలూరు వైపు నుంచి నాంచారమ్మ గారు కొత్త పికప్ తీసుకుపోవడానికి వచ్చారు. చేపల వ్యాపారం వాళ్లది. చెరువుల దగ్గర చేప కొని, ట్రేలలో ఐసు మీద పేర్చి, తెల్లారేసరికి విజయవాడ దాటించి కొండపల్లి థర్మల్ కాలనీల దాకా చేర్చాలి. బేరాలు ఆవిడ చూసుకుంటారు, బండి తమ్ముడు వీరాస్వామి నడుపుతాడు. అక్క ఉన్నచోట ఆ మనిషి నోరు విప్పగా మా వర్క్‌షాప్‌లో ఎవరూ వినలేదు. విప్పడానికి సందు దొరకదు కూడా.

ఆవిడ వెనకే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో నాలుగు పాత చక్రాలు. రిమ్ములకు వెండిరంగు వేయించి, టైర్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి ఉన్నాయి. పెళ్లికొచ్చిన ముత్తైదువల్లా వరసగా దిగాయి.

"ఇయి బిగించి ఇవ్వండి మేడమ్. ఆ కొత్తయి మీరే ఉంచుకోండి" అన్నారావిడ.

విషయం ఏమిటంటే, అంతకు ముందు వాళ్లకొక చిన్న వ్యాను ఉండేది. చేపల బండ్లకు ఆయుష్షు తక్కువ. ఐసు కరిగిన నీళ్లు రాత్రంతా కారి కారి ముందు ఫ్లోరును, తర్వాత చాసీని తినేస్తాయి. ఆ వ్యానూ అలాగే పోయింది. పాత ఇనుము వాళ్లకు అమ్మేముందు ఆవిడ చక్రాలు మాత్రం ఊడదీయించుకున్నారు. ఆ చక్రాల మీద వెళ్లిన సరుకు ఒక్కనాడూ దారిలో మెత్తబడలేదట. పక్కవాళ్ల బండ్లు చెరువు గట్ల మీద నుంచి జారి బోల్తా కొట్టిన వానల్లో కూడా వీరాస్వామి క్షేమంగా ఇంటికొచ్చాడట. కలిసొచ్చిన చక్రాలు. కొత్త బండి కొత్త చక్రాలతో మొదటి లోడుకు వెళ్లడానికి వీల్లేదు. మర్నాడే చెరువు పట్టుబడి, అంటే వలేసి చేప పట్టే రోజు.

కుదరదని చెప్పాను. ఎందుకు కుదరదని అడిగారు. అలా అడిగే కస్టమరంటే నాకు లోపల్లోపల ఇష్టమే, పైకి చూపించను. మా ఫోర్‌మన్ మస్తాన్ గారిని పిలిచి, ముందు ఎడమ చక్రం విప్పించి, పాత చక్రం ఒకటి ఎక్కించమన్నాను. అది చక్కగా ఎక్కి కూర్చుంది. ఇరుసు కొసనుండే హబ్ మీద నట్లు బిగించే స్టడ్లు అయిదు, రిమ్ముకు బెజ్జాలు అయిదు, వాటి మధ్య దూరం కూడా ఒకటే. నాంచారమ్మ గారు నా వంక ఇంకేంటన్నట్టు చూశారు.

ప్రమాదమంతా అక్కడే ఉంది. అసలు పట్టని చక్రంతో ఎవరికీ ప్రాణహాని లేదు, పట్టినట్టు కనిపించే చక్రంతోనే ఉంటుంది. స్టడ్లు, నట్లు రిమ్మును హబ్‌కేసి అదిమి పడతాయి. దాన్ని సరిగ్గా నడిమధ్యలో నిలబెట్టేది మాత్రం హబ్ నడుమ పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం. పాత రిమ్ము నడిమి బెజ్జం మా హబ్ కంటే పెద్దది. వీరాస్వామి జేబులోంచి ఒక అగ్గిపుల్ల తీసుకుని ఆ సందులో పెట్టి చూపించాను. చక్రాన్ని చేత్తో తిప్పి, అంచు దగ్గర సుద్దముక్క పట్టుకున్నాను. అంచు చుట్టూ పడాల్సిన గీత ఒక పక్కనే పడింది. అంటే చక్రం ఊగుతోంది. ఈ ఊపు లోడుతో రోజూ సాగితే నట్లు వదులవుతాయి, తర్వాత స్టడ్లు విరుగుతాయి. పైగా ఆ టైర్లు చిన్న వ్యాను బరువుకు చేసినవి. ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె ప్రతి టైరు పక్కనా అచ్చు వేసి ఉంటుంది. దాన్నీ చూపించాను.

"అగ్గిపుల్ల పట్టే సందుకి ఇంత గొడవేంటండీ? మా ఇంటి తలుపుకి ఇంతకంటే పెద్ద సందుంది."

"మీ ఇంటి తలుపు కాలవగట్టు మీద పరిగెత్తదు కదండీ."

"అయితే మీ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి. బండి ఇచ్చెయ్యండి. ఇట్టా సందు దాటితే ఆటోనగర్. గంటలో బిగిస్తారు."

ఇక్కడ నేను ఆగాను. ఆవిడ చెప్పింది నిజం. ఆటోనగర్‌లో అడగాలేగాని బస్సు చక్రాలు తెచ్చి బండికి తగిలించి, పైన టీ కూడా ఇప్పిస్తారు. నేను కాదంటే నా వర్క్‌షాప్ క్షేమంగా ఉంటుంది, నా సంతకం క్షేమంగా ఉంటుంది. మర్నాడు తెల్లవారుజామున నిండు లోడుతో కాలవగట్టు మీద వీరాస్వామి చక్రం మాత్రం ఊడుతుంది. రేపు కాకపోతే నెలకు. నేను గెలిచి ఆయన కాలవలో పడితే ఆ గెలుపు నాకెందుకు? ఆయనేమో అక్క పక్కనే నిలబడి అగ్గిపుల్లను తిరిగి పెట్టెలో సర్దుకుంటున్నాడు.

సరే, వాదన ఇంకో వైపు నుంచి మొదలుపెట్టాను. చదువుకోని మాటలు మాట్లాడుతున్నారని అనలేదుగాని, దాదాపు ఆ అర్థం వచ్చేలాగే ఏదో అన్నాను. చక్రానికి అదృష్టమేంటి, రబ్బరుకీ ఇనుముకీ కలిసిరావడమేంటి అని.

నాంచారమ్మ గారు గేటు వైపు చెయ్యి చాపారు. అక్కడ నా స్కూటీ ఉంది.

"అది మీదే కదా?"

"నాదే."

"ముందర వాక్యం అంటించారు. పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయించే ఉంటారు. అది పీకేసి భవానీపురం దాకా నడపండి చూద్దాం."

మస్తాన్ గారు వెంటనే టూల్ ట్రేలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. నవ్వు దాచుకోవడానికి ఆయనకున్న పద్ధతి అది. నాకు ఒళ్లు మండింది. మండినప్పుడు నాకు సమాధానాలు తొందరగా వస్తాయి.

"నా వాక్యం హబ్‌కి తగలదండీ! పెయింటు మీద ఉంటుంది. దానివల్ల ఏ నట్టూ ఊడదు."

అన్నాక నా మాట నాకే వినబడింది. హబ్‌కి తగలనిదేదైనా నాకు అభ్యంతరం లేదన్నమాట. అయితే ఆవిడ అదృష్టంలో హబ్‌కి తగలని ముక్క ఏది?

ఆవిడనే అడిగాను, కొంచెం వెటకారంగానే. "చెప్పండి, మీకు కలిసొచ్చింది దేంట్లో ఉంది? రిమ్ములోనా, టైర్లోనా, లోపలి గాలిలోనా?"

ఆవిడ దాన్ని వెటకారంగా తీసుకోలేదు. చక్రాల ముందు చతికిలబడి, ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి ఆలోచించారు. రిమ్ముకు నిన్ననే రంగు వేయించాం, అది కొత్తదాని కిందే లెక్క. టైర్లు రెండుసార్లు మార్పించాం. "గాలే అయ్యుంటది" అన్నారు చివరికి. తర్వాత తనే వివరించారు. చేపపిల్లని కొత్త చెరువులో వదిలేటప్పుడు అమాంతం కుమ్మరించరు. అది వచ్చిన నీళ్లలో చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలిపి, అలవాటు చేసి, పాత నీళ్లతో సహా వదులుతారు. "పాత నీళ్లు కొంచెం తోడుంటే పిల్ల బెదరదు. బండైనా అంతే కదా మేడమ్?"

బండి అంతే కాదు. కానీ గాలి హబ్‌కి తగలదు.

ఒక టైరులోంచి ఇంకో టైరులోకి గాలి పంపడం లారీవాళ్లకు తెలిసిన పనే. దారిలో గాలి తగ్గితే స్టెప్నీలోంచి గొట్టం పెట్టి పంపుకుంటారు. ముందు పాత చక్రాన్ని విప్పించి, బండిదే తిరిగి బిగించాం. బండిని జాకీల మీద లేపి, కొత్త టైర్లలో గాలి సగం దాకా తీయించాను. మొత్తం తీస్తే ట్యూబు లేని టైరు రిమ్ము అంచును వదిలేసే ప్రమాదముంది. ఒక్కో కొత్త టైరు పక్కన ఒక్కో పాత చక్రం పెట్టి, రెండు కొసలా క్లిప్పులున్న గొట్టం తగిలించారు మస్తాన్ గారు. పాతదానిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి గాలి బుస్సుమని ఇటు వచ్చేది. రెండూ సమానం కాగానే ఆగిపోయేది. నాలుగో పాత చక్రం గాలి లేక చప్పబడి ఉంది. నాంచారమ్మ గారి ముఖం కూడా చప్పబడింది. పక్కదాన్నుంచి సర్దుదామంటే తేరుకున్నారు.

మధ్యలో జనరల్ మేనేజరు గారు అటుగా వచ్చి, ఏం జరుగుతోందని అడిగారు. గాలి సరిచేస్తున్నామన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

తక్కువపడిన గాలి కంప్రెసర్‌తో నింపబోతుంటే ఆవిడ అడ్డుపడ్డారు. అది బయటి గాలి కదా అన్నారు.

"చెరువులో చెరువు నీళ్లు కలపరా?" అన్నాను.

ఆ సాయంత్రం నేను గెలిచిన వాదన అదొక్కటే. గేజీతో నాలుగు టైర్లూ చూసి, బిగువు కొలిచే టార్క్ రెంచితో నట్లను ఎదురెదురుగా బిగించి, సంతకం పెట్టాను. పాత చక్రాలను ఏ బండికీ ఎక్కించనని మాట తీసుకున్నాను. ఆవిడ నా చేతిలో స్వీటు పెట్టి, నా నోటితో చేపల మార్కెట్లో కూర్చుంటే రెండేళ్లలో మేడ కట్టేదాన్నని మెచ్చుకున్నారు. దాన్ని పొగడ్త కిందే తీసుకున్నాను, ఇప్పటికీ.

మాట నిలబెట్టుకుంటారో లేదోనన్న అనుమానం మాత్రం పోలేదు. బండి సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ ఇంజను కంటే ముందు చక్రాలే చూసేదాన్ని. బండివే ఉండేవి. మరుసటి ఏడాది కైకలూరు వైపు సర్వీస్ క్యాంపు పెట్టినప్పుడు పాతవి కనబడ్డాయి. చెరువు గట్టు నుంచి రోడ్డు దాకా ట్రేలు తోసుకొచ్చే తోపుడు ట్రాలీకి నాలుగూ బిగించి ఉన్నాయి. ఇద్దరు మనుషులు తోస్తే మెల్లగా కదిలే ట్రాలీ అది. దాని కింద ఏ స్టడ్డూ విరగదు. పక్కనే వీరాస్వామి కూర్చుని, పికప్ టైరు నుంచి ట్రాలీ చక్రానికి గొట్టం తగిలించి ఉన్నాడు. నాంచారమ్మ గారు బేరంలో దూరంగా ఉన్నారు. ఏం చేస్తున్నావయ్యా అని అడిగాను.

"అక్క తిరిగిచ్చెయ్యమందండి. వాడుకున్నాం కదా" అన్నాడు. నేను విన్న ఆయన మొదటి మాట అదే.

పికప్ టైర్లలో గాలి తగ్గింది కదా అని గేజీ పెట్టి చూసి, తిట్టి, కంప్రెసర్ దగ్గరికి పంపించాను.

ఈ మధ్యే స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలాను. వర్క్‌షాప్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పిన పద్ధతి ఇది. కస్టమరు వేరే బండి చక్రాలు తెస్తే ముందు నడిమి బెజ్జం కొలవండి, తర్వాత టైరు మోసే బరువు చూడండి. కలవకపోతే బిగించకండి, ఎవరు చెప్పినా సరే. కానీ కుదరదన్న మాట ఒక్కటే చేతిలో పెట్టి పంపకండి, పక్క సందులో కుదురుతుందనేవాడు కూర్చుని ఉంటాడు. కస్టమరు కోరినదాంట్లో హబ్‌కి తగిలే భాగమెంతో, తగలనిదెంతో విడదీయండి. తగిలేది మన చేతిలో ఉండాలి. గాలి ఎవరిదైనా ఫరవాలేదు, గేజీలో సరిగ్గా ఉంటే చాలు.