బుట్టలు వరండాలో పెట్టిన బడి

మా ఊరి బడిని వాగు అవతలి బడిలో కలిపేందుకు గ్రామస్థులు సమ్మతించినట్టు రాసిన తీర్మానాన్ని పదిరోజుల క్రితం ప్రధానోపాధ్యాయుడు మా ఇంటికి తెచ్చి, ఊళ్లో మొదట డిగ్రీ చదివినవాడిని గనుక నా సంతకమే పైన ఉండాలని పట్టుబట్టినప్పుడు, అందులో “తల్లిదండ్రులకు చదువుపై ఆసక్తి లేనందున పిల్లలు తగ్గినారు” అన్న వాక్యం చదివి కలిగిన రోత నాకింకా తగ్గలేదు.

ఆసక్తి లేదట! నేను అదే బడిలో ఆరో తరగతి చదివేనాడు, అమ్ముకుంటే ఇల్లు గడిపే ఇప్పపువ్వు రాలే నెలంతా పిల్లలం తెల్లారుతూనే అడవికి పోయి, పశువులు మేయకముందే పువ్వు ఏరి, ఎండెక్కాక బుట్టలతోనే బడికి ఉరికేవాళ్లం. వైరా వైపు నుంచి కొత్తగా వచ్చిన అప్పటి పెద్దసారు మొదటి వారమంతా మాకు గైర్హాజరు వేశారు; అక్షరం ముక్క రాని మా అమ్మ వెళ్లి, “పువ్వు మా కోసం ఆగదు సారూ, మీ గంట ఆగదా?” అని అడిగింది. మరునాటి నుంచి ఆ నెలంతా మేము వచ్చాకే గంట మోగేది. వరండా నిండా బుట్టలు, గదినిండా ఆ తియ్యటి వాసన. “పువ్వు నమిలి లెక్కలు చేస్తే తప్పులొస్తాయిరా, ఉమ్మేసి రండి” అని ఆయన వేళాకోళమాడేవారు. నా డిగ్రీకి పునాది ఆ వరండాలోనే పడింది.

ఇప్పుడు హాజరు ఫోనులో వేస్తారు. పిల్లలు అడవి నుంచి వచ్చేసరికి దాని వేళ దాటిపోతుంది. వచ్చిన పిల్ల కళ్లముందే కూర్చున్నా రానట్టే లెక్క. అట్లా కొన్నాళ్లకు, ఏడో తరగతిలో అందరికన్నా బాగా చదివే మా చెల్లెలి మనవరాలి పేరూ కొట్టేశారు. వానాకాలం వాగు పొంగితే అవతలి బడికి దారుండదు, దాని చదువు అంతటితో సరి. కాగితం తెచ్చిన ప్రధానోపాధ్యాయుణ్ణి ఆ మాటే అడిగాను.

“నేనేం జేస్త సార్, టైం అయినంక ఫోన్ల ఎక్కదు. సంతకం పెట్టుండ్రి, జల్దీ పంపాలె,” అని నవ్వాడు ఆయన. ఆయన పిల్లలు పొద్దున్నే ప్రైవేటు బడి వ్యానెక్కి ఏన్కూరు పోతారు. అసహ్యించుకోబోయి ఆగాను, నా కొడుకులిద్దరినీ ఖమ్మంలో చదివించినవాణ్ణి, ఈ బడి గడప ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తొక్కాను?

సంతకం పెట్టలేదు. కాగితం అడుగున, పువ్వు రాలే నెలలో బడిగంట ఆలస్యంగా కొట్టించండి, పిల్లలు తగ్గరు, అని రాసిచ్చాను. “మీరు లేకున్నా నడుస్తది,” అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నడిచింది కూడా, వేరే కాగితం మీద, వేరేవాళ్ల సంతకాలతో; మా బడి మూసేశారు.

నిన్న మా చెల్లెలి మనవరాలు అడవి నుంచి వస్తూ, అలవాటు కొద్దీ బడి వరండాలో బుట్ట దించి, ఖాళీ గదిలోకి చూసి, మళ్లీ నెత్తికెత్తుకుంది. మా రోజుల్లో పలకలకూ కరువే, పాఠం వినే చోట కప్పూ కారేది. అయినా చదువురాని మా అమ్మ నోటిమాటకు ఆనాడు గంట ఆగింది. పట్టా ఉన్న నా రాతకు ఈనాడు ఆగలేదు.