కార్డు దిగే సందు

మా మామగారు పోయారు. ఆషాఢంలో ముసురు పట్టిన మూడో రోజు పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను గ్లాసు తీయబోయేసరికి మనిషి లేరు. ఆ రోజు పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది మా ఇంట్లోకి వస్తూ వస్తూ వీధి తలుపును ఒకసారి చేత్తో తోసి చూశారు. అది కిర్రుమనదు, ఎక్కడా ఒరుసుకోదు. అంత ఏడుపులోనూ అది చూసి నాకు గర్వంగానే అనిపించింది.

ఆయన తిరువూరులో నలభై ఏళ్లు వడ్రంగం చేశారు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులుంటే మన్నించండి. తలుపుల సంగతిలో మాత్రం తప్పులుండవు.

విస్సన్నపేటలో మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఆయన నన్ను పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం కేసి చూపించి, "అది సరిగ్గా ఉందా అమ్మాయ్?" అన్నారు. "ఎడం పక్క కాస్త కిందికి దిగిందండి," అన్నాను. మా నాన్న తల పట్టుకున్నాడు. ఆయన మాత్రం లేచి వెళ్లి పటం సర్ది, మళ్లీ నన్నే చూడమన్నారు. తర్వాత వారానికి సంబంధం ఖాయం చేసుకుంటూ మా నాన్న ఒక కార్డు రాశాడు. ఆ కార్డు ఏ దూలం సందులోనో ఉంటుందనుకున్నాను. కాపురానికి వచ్చాక చూస్తే, మామగారి పనిముట్ల సంచిలో ఉలుల పక్కన ఉంది.

జంట తలుపుల మధ్య సందు చూడడానికి ఆయన దాన్ని వాడేవారు. తలుపులు మూసి, పైన సందులో కార్డు పెట్టి వదిలితే ఎక్కడా ఆగకుండా కింద పడాలి. ఆగితే సందు ఇరుకు. మరీ వదులుగా ఊగుతూ దిగితే, "బొద్దింకలకు దారి వేశాం," అనేవారు. వేరే కార్డు తీసుకోవచ్చు కదా మామయ్యగారూ అంటే, "దీనికి పని తెలుసు," అని మళ్లీ సంచిలో పెట్టుకునేవారు.

తెలుగువాళ్లకు కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, బజారు వీధిలో బట్టల కొట్టు షావుకారుగారు తన ఇంటి హాల్లో గోడ పొడవునా ఆరు తలుపుల బీరువా చేయించుకోవాలనుకున్నారు. ఆయన బెజవాడలో ఎవరింట్లోనో తలుపు తిరిగే బందులు పైకి కనబడని బీరువా చూసి వచ్చారట. "మన ఊళ్లో అయ్యే పని కాదులెండి," అని కూడా అన్నారట. ఆ మాట మామగారికి తగిలింది. "నెల రోజులు ఇవ్వండి," అని ఒప్పుకుని వచ్చారు.

ఆయన పద్ధతి ఇది. ప్రతి తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి వేలెడంత ఇత్తడి చీల. కింది చీల చట్రంలో దాచిన చిన్న ఇత్తడి గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. పై చీల చట్రంలో తొలిచిన రంధ్రంలో దూరుతుంది. తలుపు మూస్తే అంతా టేకు చెక్కే, బందు కోసం వెతికినా దొరకదు. తలుపు ఎత్తాలంటే కింది గిన్నెలో పలచటి ఇత్తడి బిళ్ల వేయాలి. ఒరిగితే పై రంధ్రం జరపాలి. పని చెడితే దాన్ని దాచడానికి పైన ఏమీ ఉండదు.

మా ఆయన బండి చక్రాల పనివాడు. పెనుగొలను రైతుల బండ్లతో ఆయనకు తీరిక ఉండదు. అందుకని మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని షావుకారుగారింటికి నేనే వెళ్లేదాన్ని. ఒకరోజు మామగారు మూడో తలుపు అంచుకు తడి జాజు పూసి, మూసి, తెరిచారు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ చట్రానికి ఎర్ర మరక అంటుతుంది. మరక ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉంది. ఆయన నా వైపు తిరిగి, "మరకెక్కడ పడిందమ్మాయ్?" అన్నారు.

నన్ను పరీక్షిస్తున్నారనుకుని నవ్వబోయాను. ఆయన ముఖం చూసి ఆగాను. కళ్లలో శుక్లాలు ఎంత ముదిరాయో ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. కార్డు దిగడం ఆయన చూడడం లేదు, చెవితో వింటున్నారు. "పైనుంచి మూరెడు కింద, మెతుకంత మరక," అన్నాను. ఆయన వేలితో ఆ చోటు తడిమి, అక్కడే చిత్రిక పట్టారు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఆయన అనలేదు, చెప్పనని నేనూ అనలేదు. ఊరికి తెలిస్తే ఆయన్ను మళ్లీ పనికి ఎవరు పిలుస్తారు?

అప్పటినుంచి క్యారియరు ఒక వంక అయింది. ఏ తలుపు తల ఎత్తిందో, ఏది దిగిందో దూరంగా నిలబడి నేను చెప్పేదాన్ని, ఆయన బిళ్లలు మార్చేవారు. "కోడలిచేత వడ్రంగమేంటి నాన్నా," అని మా ఆయన ఒకసారి అన్నాడు. "నీ బండి చక్రం వంకర పోతుందని మొన్న చెప్పిందెవర్రా?" అన్నారు మామగారు. మళ్లీ ఆ ఊసు రాలేదు.

శుక్రవారం షావుకారుగారింట్లో సత్యనారాయణవ్రతం, ఊరంతా వస్తారు. బుధవారం నాటికి ఆరో తలుపు మిగిలింది, గోడ మూల పక్కది. నేను చూసి, "కుడి పక్కకి ఒరిగిందండి," అన్నాను. ఆయన పై రంధ్రం జరిపారు. గురువారం పొద్దున వెళ్లేసరికి, ఎవరూ ముట్టుకోకుండానే ఆ తలుపు మెల్లగా తెరుచుకుంటోంది. మూస్తే మళ్లీ తెరుచుకుంటోంది.

మామగారు పైనుంచి గుండుదారం వేలాడదీసి, దారం వెంబడి వేలితో తడుముతూ కిందికి వచ్చారు. "గోడ మాట విన్నావమ్మాయ్. ఒరిగింది గోడ. మనం గుండు మాట వినాలి," అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాత రంధ్రంలో టేకు ముక్క బిగించి, దారం ప్రకారం మళ్లీ తొలిచారు. గోడకూ చట్రానికీ మధ్య మిగిలిన వంకర సందులో, ఒక కొస లావుగా ఒక కొస సన్నగా పట్టీ చెక్కి దూర్చారు. తలుపు తలుపుగా నిలిచింది, చూసేవాళ్ల కంటికి గోడా నిటారైంది. దీపాలు పెట్టే వేళకు కార్డు అయిదు సందుల్లోనూ దిగింది.

వ్రతానికి వచ్చినవాళ్లు కథకంటే బీరువానే ఎక్కువ చూశారు. పెద్దమనుషులు కూడా బందు కోసం తలుపుల అంచులు తడిమారు. షావుకారుగారు అందరి ముందూ, "ఈ వయసులో ఈ చూపేంటండీ మీకు!" అన్నారు. మామగారు నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఆయన కండువా సర్దుకుని, "చూపు నాది కాదండి. నాకు రెండేళ్ల నుంచి సరిగా ఆనడం లేదు. చేతులు నావి, కళ్లు మా కోడలివి. రేపు ఏ తలుపైనా పట్టేస్తే దానికే కబురు పెట్టండి," అన్నారు. నేను వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నన్ను చూడడానికి ఆడవాళ్లు పక్కకు జరిగారు.

ఆ మాటతో పని పోతుందని నేను భయపడ్డాను. పోలేదు. రెడ్డిగూడెం నుంచి కూడా మనుషులు వచ్చి, "మామా కోడళ్లు ఇద్దరూ రావాలి," అని అడిగేవారు.

కర్మలు అయిన నాలుగో రోజున షావుకారుగారింటి నుంచి కబురు వచ్చింది. ముసురుకు ఆరో తలుపు ఉబ్బి పట్టేసిందట. మా ఆయన సంచి తీసి నా చేతికి ఇచ్చాడు. వెళ్లి జాజు పూశాను. మరక పడిన చోట ఒక్క పొర చిత్రిక పట్టాను. తలుపు మూసి, సందులో కార్డు వదిలాను. ఆగకుండా జారి నేల మీద పడింది.

షావుకారుగారి భార్య వంగి దాన్ని తీశారు. అంచులు అరిగిపోయి, సగం అక్షరాలు జాజులో కలిసిపోయాయి. ఆవిడ వెలుతురులో పెట్టి, మిగిలిన ఒక్క వాక్యాన్నీ కూడబలుక్కుని పైకి చదివారు. ఆడపిల్లల తండ్రులందరూ రాసే మాటే మా నాన్నా రాశాడు.

"మా అమ్మాయికి ఏమీ తెలియదు, మీరే దగ్గరుండి నేర్పుకోవాలి."