గుంపులో చేరని యంత్రాలు

ఉల్జాన్‌కు కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఒకప్పుడు బడిలో భౌతికశాస్త్రం చెప్పేది. పిల్లలు లెక్క పూర్తిచేసేదాకా ఆగలేక సుద్దముక్క లాక్కుని తనే చేసేసేదట. ఇప్పుడు రాజధాని బిష్కెక్‌లో, ఓష్, నారిన్ ఊళ్లకు వెళ్లే బస్సుల టికెట్లు అమ్మే కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తోంది. ఆ తొందర మాత్రం పోలేదు. తన కింద పనిచేసే నూరిజాను కీబోర్డు ముట్టనిచ్చేది కాదు.

ఆ వేసవిలో టికెట్ల వ్యవహారమంతా క్లౌడ్‌లో, అంటే ఇంకో కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న యంత్రాల్లో, కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్ నడిపే క్లస్టర్ మీదికి మార్చాలనుకున్నారు. క్లస్టర్ అంటే కలిసి పనిచేసే యంత్రాల గుంపు. వాటికి పనులు పంచే పెద్ద యంత్రం ఒకటి ఉంటుంది. కొత్త నెట్‌వర్క్‌లో పెట్టి చూస్తే మొదటిసారికే లేచింది. కానీ పాత నెట్‌వర్క్ నుంచి వచ్చే చెల్లింపులనే బ్యాంకు ఒప్పుకుంటుంది. కాబట్టి అందులోనే కట్టాలి. అక్కడ కడితే యంత్రాలు లేచేవి గానీ గుంపులో చేరేవి కావు. చాలాసేపు ఆడించి, చివరికి కుదరలేదని ఎర్రక్షరాలు పడేవి. ఉల్జాన్ చెరిపేసేది, మళ్లీ కట్టేది. నెట్‌వర్క్ నుంచి బయటికి దారి లేదేమోనని వెతికింది, దారి ఉంది. యంత్రాలకు ఇచ్చే చిరునామాలు చాలవేమోనని పెంచింది, అయినా అంతే. రాత్రిళ్లు నిద్రలో కూడా వేళ్లు కదిపేది.

"అక్కా, చెరిపేముందు ఆ మిషను లోపల ఏమంటోందో చూద్దామా?" అంది నూరిజా.

"చూస్తూ కూర్చునే టైముందా? జరుగు."

ఆ నెట్‌వర్క్‌ను అమర్చిన ఎర్మెక్ ఉద్యోగం మానేసి, సూసమీర్ లోయ పచ్చికల్లో గుర్రాలు మేపుకుంటున్నాడు. అతనికి ఫోను అందలేదు. మర్నాడు తెల్లారగానే ఉల్జాన్ కారు తీసింది.

ఎర్మెక్ గుడారం ముందు తోలుతిత్తిలో గుర్రపు పాలు చిలికి, కుమీస్ అనే పుల్లటి పానీయం చేస్తున్నాడు.

"రా చెల్లీ. కూర్చో, కుమీస్ తాగు."

"కూర్చోను అన్నా. నీ నెట్‌వర్క్ నా ప్రాణం తీస్తోంది." నిలబడే అంతా చెప్పింది.

అతను చిలకడం ఆపలేదు. "మీ కొత్త మిషన్లు అడ్రసు ఎవర్ని అడుగుతున్నాయి?"

"ఏం అడ్రసు?"

"పెద్దదాని పేరు తెలిస్తే చాలదుగా, అదెక్కడుందో ఎవరో చెప్పాలి. అప్పట్లో ఆఫీసు మూలనున్న సర్వర్ చెప్పేది. ఏ మిషనైనా దాన్నే అడగాలని నెట్‌వర్క్‌లో రాసిపెట్టా. అది బతికే ఉందా?"

ఉల్జాన్ గడ్డిలో కూలబడింది. "ఆఫీసు మారినప్పుడు తుక్కు కింద పోయిందన్నా."

పాత యంత్రాల్లో అడ్రసులన్నీ చేత్తో రాసి ఉన్నాయి, అవి ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు.

"మరింకేం, మీ కొత్త నెట్‌వర్క్‌లోలాగే క్లౌడ్ వాడి సర్వర్‌ను అడగమని మార్చెయ్," అన్నాడు ఎర్మెక్.

గుట్టమీదికి ఎక్కితే సిగ్నల్ మాటలకు సరిపోయింది గానీ ల్యాప్‌టాప్‌కు చాలలేదు. ఇక నూరిజాయే చెయ్యాలి. ఉల్జాన్ ఆమెకు ఫోను చేసింది.

"సెట్టింగుల్లోకి వెళ్లావా? ఏం కనిపిస్తోంది? చదువు, చదువు."

"చదువుతున్నానక్కా. మీరు కాస్త ఊపిరి తీసుకోండి." కాసేపటికి, "మార్చాను. ఇప్పుడు కడుతున్నా," అంది.

ఉల్జాన్ గుట్ట చుట్టూ తిరిగింది. గడ్డి పీకింది. మళ్లీ ఫోను చేసింది, ఆ వెంటనే ఇంకోసారి.

"మీరు ఫోను చేసినప్పుడల్లా నా పని ఆగుతోందక్కా," అని నూరిజా పెట్టేసింది.

ఉల్జాన్‌కు కోపం వచ్చింది. ఫోను జేబులో పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గుట్టమీద మేస్తున్న ఎర్మెక్ గుర్రం జూలు దువ్వుతూ నిలబడింది. అది రెండుసార్లు విదిలించుకుని ఊరుకుంది.

ఫోను మోగింది. "ఒకటి చేరింది," అంది నూరిజా. "ఆగండి... మిగతావీ చేరుతున్నాయి. అన్నీ చేరాయక్కా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"సరే. చెల్లింపు బ్యాంకుకు వెళ్తోందో లేదో కూడా నువ్వే చూసెయ్." అనేశాక గానీ ఏమన్నదో ఆమెకే తట్టలేదు.

కిందికి దిగి ఎర్మెక్‌కు జరిగిందంతా చెప్పింది. పొయ్యిమీద మాంసం ఉడుకుతోంది. "తిని వెళ్లు," అన్నాడు ఎర్మెక్.

"లేదన్నా, బ్యాంకుది చూడాలి."

"ఆ పిల్లకే అప్పజెప్పావుగా?"

"అప్పజెప్పాను," అంటూనే కారెక్కింది.

కనుమ దిగేదాకా సిగ్నల్ లేదు. దిగాక నూరిజా సందేశం వచ్చింది: చెల్లింపు బ్యాంకుకు చేరింది. ఉల్జాన్ కారు పక్కకు ఆపి, దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది. ఫోను చేద్దామని నూరిజా పేరు దాకా వెళ్లి, చేయలేదు.