ఎర్ర పట్టీ కింద నీళ్లు

పోయిన ఎండాకాలం మా చేనులో మూడో బోరు వేశాం. చెరుకు నిలబడింది కాబట్టి ఇప్పుడు నిమ్మళంగా కూర్చుని రాయగలుగుతున్నాను. నిమ్మళం వేరు, మరిచిపోవడం వేరు. నేను ఏదీ మరిచిపోలేదు.

మాది బోధన్‌కు పడమటి దిక్కున, కాలువ చిట్టచివరి చేను. పైవాళ్లందరూ పారించుకున్నాక మిగిలిన తడి మాకు. దాని మీద నేను పెట్టిన అర్జీల నకళ్లు ఒక సంచీడు ఉన్నాయి. అర్జీలతో చెరుకు పెరగదు కాబట్టి బోర్లు. మొదటి రెండింటికీ పాయింటు పెట్టింది మా బావ, అంటే నా భర్తకు అన్న. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు. రెండు చోట్లా లేచింది, రెండు చోట్లా దుమ్మే వచ్చింది. కొబ్బరికాయను ఎవరూ ఏమీ అనలేదు. నేను ఖాళీ బిందెతో ఎదురొచ్చానన్నారు. ఆ రోజు నా చేతిలో ఉన్నది కూలీలకు తెచ్చిన చాయ్ ఫ్లాస్కు.

మూడోది కూడా పోతే చేను కౌలుకు ఇచ్చేద్దామని నా భర్త అన్నాడు. ఈసారి పాయింటు నేను పెడతానన్నాను.

నా ధైర్యానికి కారణం ఉంది. తొమ్మిదో తరగతిలో సార్ బోర్డు మీద కొండ గీసి, కొన మీద పొగ పెట్టి, మన నల్లరేగడి అగ్నిపర్వతం నుంచి పుట్టిందని చెప్పాడు. మరి ఆ కొండ ఎక్కడుంది సార్ అని అడిగాను.

"నీ నెత్తిల ఉన్నది, కూసో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మా పక్క చేను కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుది. ఆయన పాత బావిలో నీటిమట్టం కొలవడానికి భూగర్భజలాల శాఖ నుంచి ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ వస్తే, వెళ్లి పట్టుకుని అదే అడిగాను. అసలు కొండే లేదని ఆమె చెప్పింది. కొన్ని అగ్నిపర్వతాలు పేలతాయి. బూడిద మేఘం కొండ దిగి, బస్సుకన్నా వేగంగా ఊళ్లను కప్పేస్తుంది. మనది ఆ రకం కాదు. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట నేల పొడుగునా పగిలి, పెనం మీంచి పొంగిన బెల్లం పాకంలా లావా పారింది. మహారాష్ట్రనంతా ముంచి మన దాకా వచ్చి గడ్డకట్టింది. కొన్ని వేల ఏళ్లు ఊరుకుంది. పైన మన్ను పట్టింది. మళ్లీ పారింది. కింద చిక్కిన ఆ మన్ను ఇటుకలా కాలిపోయింది.

బావి గోడ చూపించింది. నల్లరాయి, మధ్యలో మూరెడు ఎర్ర పట్టీ, దాని కింద మళ్లీ నల్లరాయి. ఆ కింది రాయి నిండా బుడగల తొర్రలు. నీటి చెమ్మ అక్కడి నుంచే దిగుతోంది. ఆ రాత్రి ఫోన్‌లో ఎక్కడెక్కడి అగ్నిపర్వతాలో చూశాను. ఒకటి ఆకాశాన్ని చీల్చేది, ఒకటి సముద్రంలోకి మెల్లగా పాకేది. సార్ గీసింది అందులో ఒక్క రకమే.

ఆ బావికి సూటిగా మా చేనులో పాయింటు పెట్టించాను. పొద్దున బోరు బండి వచ్చింది. మధ్యాహ్నం దాకా నల్లదుమ్ము. తర్వాత ఎర్రబురద మొదలైంది. డ్రిల్లర్ మిషన్ ఆపేశాడు. ఎర్రమన్ను కూలితే రాడ్లు ఇరుక్కుంటాయన్నాడు.

బావ నాతో నేరుగా మాట్లాడడు. నా భర్త వైపు తిరిగి, "అయిపాయె. నీ పెండ్లానికి సెప్పు, బండిని పోనీయుమను" అన్నాడు.

నేను డ్రిల్లర్ దగ్గరికి పోయాను. "అన్నా, ఎర్రది మూరెడే ఉంటది. మెల్లగ పో. దాని కింద నల్లరాయి తగుల్తది, ఆడ ఆపు."

"ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటే తిట్లు నేను పడ్త. నాకు అలవాటే."

అతను నవ్వి మిషన్ ఎక్కాడు. రాడ్డు దింపి, గాలి కొట్టి, బురద తీసి, మళ్లీ దింపాడు. నా గుండె కూడా అలాగే ఆడింది. ఎర్రబురద పోయి నల్లదుమ్ము వచ్చింది, ఆ దుమ్ము తడిగా ఉంది. కాసేపటికి తెల్లటి నురగతో నీళ్లు మనిషి ఎత్తున లేచి మా అందరి మీదా పడ్డాయి. నా భర్త తడిసిన మొహం తుడుచుకోకుండా నిలబడ్డాడు. నేను గట్టు మీద కూలబడ్డాను.

ఆ చోటు బావ ముందే అనుకున్నాడట, నేనడ్డం వచ్చాను కాబట్టి చెప్పలేదట. ఊళ్లో ఇలా చెబుతున్నాడని విన్నాను. చెప్పుకోనీ. దాని మీద అర్జీ పెట్టలేదు.

మోటారు దింపి తడి పెట్టాక, ఎండకు గొట్టాల్లా చుట్టుకుపోయిన చెరుకు ఆకులు నాలుగో రోజుకు విప్పుకున్నాయి. కౌలు మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.